ముగింపు తేదీ లేని పథ్యం

చెన్నై పెరంబూరులో మా ఇంటి ఫ్రిజ్ తలుపు మీద చాలా ఏళ్లు ఒక కాగితం అతికించి ఉండేది. నాన్నకి షుగర్ అని తేలిన రోజు ఆసుపత్రిలో ఇచ్చిన డైట్ చార్ట్ అది. పొద్దున ఓట్స్, పదకొండింటికి ఒక ఆపిల్, మధ్యాహ్నం రెండు పుల్కాలు, ఉడికించిన కూరగాయలు, రాత్రికి సూప్. నెల్లూరు నుంచి వచ్చి రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్‌లో ఉద్యోగంలో చేరి, ముప్పై ఏళ్లు రెండు పూటలా అన్నమే తిన్న మనిషి చేతిలో ఆ కాగితం పెట్టారు. నాన్న దాన్ని చూడను కూడా చూడలేదు. అమ్మ మాత్రం పైనుంచి కింద దాకా చదివి డాక్టరు గారిని తమిళంలో ఒకే ఒక్క మాట అడిగింది: "ఇది ఎన్నాళ్లు తినాలండీ?"

"ఇక ఎప్పటికీ ఇంతేనమ్మా" అన్నారాయన.

బయటికొచ్చాక నాన్న "ఏమన్నారు?" అని అడిగితే అమ్మ "ఆర్నెల్లు చూద్దామన్నారు" అని చెప్పింది. ఆ అబద్ధం ఎందుకు చెప్పిందో నాకు చాలాకాలం అర్థం కాలేదు. తర్వాత్తర్వాత అమ్మకీ షుగర్ వచ్చి, మా పెద్దమ్మ డయాలసిస్ దాకా వెళ్లి, ముగ్గురి తిండీ నా కళ్ల ముందే మారుతూ, మళ్లీ పాత దారికి వస్తూ, మళ్లీ మారుతూ ఉంటే కొంత తెలిసొచ్చింది. జబ్బు మనిషి "చెప్పిన మాట వినడం లేదు" అని మనం ఎంత తేలిగ్గా అనేస్తామో, ఆ మాట వెనక ఎన్ని సంగతులు ఉంటాయో రాయాలనిపించింది.

మన భాషలో జబ్బుకీ తిండికీ ముడి వేసే మాట ఒకటుంది. పథ్యం. కామెర్లు వస్తే పథ్యం, బాలింతకి పథ్యం, పసరు మందు వేసుకుంటే పథ్యం. ఉప్పు మానేయమంటే మానేస్తాం, పులుపు వద్దంటే వద్దు, లంకణం చెయ్యమంటే అదీ చేస్తాం. ఈ విషయంలో మనవాళ్లకి క్రమశిక్షణ లేదనడం పచ్చి అబద్ధం. కాకపోతే ఆ పథ్యాలన్నిటికీ ఒక చివరి రోజు ఉంటుంది. ఆ రోజు తలస్నానం చేసి, ఇష్టమైన కూర వండించుకుని తింటారు. కొన్నాళ్లే కాబట్టి ఎంత కఠినమైనా ఓర్చుకుంటారు.

షుగర్, బీపీ, థైరాయిడ్, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఈ లెక్కని తలకిందులు చేశాయి. వీటి పథ్యానికి విడిచే రోజు లేదు. అయినా జబ్బు మనిషి మనసూ, ఇంట్లో వంటిల్లూ, వచ్చిపోయే చుట్టాలూ అందరూ దాన్ని పాత పథ్యంలాగే చూస్తారు. అంటే మొదట చాలా కఠినంగా మొదలుపెట్టి, ఒంట్లో బాగున్నట్టు అనిపించగానే విడిచేస్తారు. నేను చూసినంతలో, జబ్బు మొదటి ఏడాదిలో జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడ పుట్టినవే. మా అమ్మ అబద్ధం కూడా ఇక్కడిదే. "ఎప్పటికీ" అన్న మాటని నాన్న మోయలేరని ఆవిడకి తెలుసు, అందుకని మోయగలిగినంత ముక్క కోసి చేతిలో పెట్టింది.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్)తో కలిసి దేశమంతా చేసిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. వాటి ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. పెద్దవాళ్లలో 35.5 శాతం మందికి బీపీ. ముగింపు తేదీ లేని పథ్యం ఇప్పుడు దాదాపు ప్రతి ఇంటి వంటగదిలోనూ ఉందన్నమాట.

నాన్న మొదటి రెండు నెలలు ఎలా ఉన్నారో చెబితే నమ్మరు. పరగడుపున మెంతుల నీళ్లు, ఆ తర్వాత కాకరకాయ రసం. అన్నం పూర్తిగా బంద్. కాఫీలో చక్కెర లేదు సరికదా, కాఫీయే లేదు. పొద్దున్నే నడక. ఆరు కిలోలు తగ్గారు, షుగర్ నార్మల్‌కి వచ్చింది. రిపోర్టు చూసి ఇంట్లో అందరం సంబరపడ్డాం. ఆ వారంలోనే ఆయన అన్నం మొదలుపెట్టారు, దాంతో పాటు ఎవరికీ చెప్పకుండా బిళ్లలు కూడా ఆపేశారు. ఆయన దృష్టిలో అది తప్పు కాదు. జ్వరం తగ్గాక జ్వరం బిళ్ల వేసుకుంటామా? జబ్బు తగ్గింది, పథ్యం అయిపోయింది, మందు అయిపోయింది.

బీపీ విషయంలో ఇది ఇంకా ఎక్కువగా జరుగుతుంది, ఎందుకంటే బీపీ నొప్పి పెట్టదు. బిళ్ల వేసుకుంటే ఒంట్లో తేడా తెలియదు, మానేసినా తెలియదు. తెలిసే రోజుకి గుండెకో మెదడుకో దెబ్బ తగిలి ఉంటుంది. దీర్ఘకాలిక జబ్బులకి ఏళ్ల తరబడి మందులు వాడాల్సినవాళ్లలో, బాగా డబ్బున్న దేశాల్లో కూడా సగటున సగం మందే చెప్పినట్టు వాడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే ఒక నివేదికలో రాసింది. డాక్టర్లకి కొరత లేని చోట, మందుల షాపు పక్కనే ఉన్న చోట పరిస్థితి అది.

భయపెడితే మారతారని చాలామంది నమ్మకం. ఆసుపత్రుల్లో కాలు తీసేసిన ఫొటోలు పెడతారు, ఇంట్లో "మీ బాబాయి ఎలా పోయాడో గుర్తుందా" అంటారు. భయం పని చేస్తుంది, నిజమే, కొన్ని వారాలు చేస్తుంది. తర్వాత మనిషి భయానికీ అలవాటు పడిపోతాడు. మన దేశంతో సహా 17 దేశాల్లో చేసిన ఒక పెద్ద అధ్యయనం 2013లో వెలువడింది. గుండెపోటో పక్షవాతమో వచ్చి బతికి బయటపడిన దాదాపు 7,500 మందిని అందులో చూశారు. పొగ మానేయడం, తగినంత కదలిక, మంచి తిండి అనే మూడూ పాటిస్తున్నవాళ్లు 4.3 శాతం. మూడింట్లో ఒక్కటీ చెయ్యనివాళ్లు 14.3 శాతం. చావుని దగ్గర్నుంచి చూసినవాళ్లే ఇలా ఉంటే, ఒక ల్యాబ్ రిపోర్టు కాగితం మనిషిని జీవితాంతం మారుస్తుందని ఎలా అనుకుంటాం?

బయటివాళ్లకి కనిపించని సంగతి ఇంకొకటుంది. తిండిని మార్చేది డాక్టర్లు, డైటీషియన్లు మాత్రమే కాదు. జబ్బే మారుస్తుంది, మందే మారుస్తుంది, చాలాసార్లు చార్టుకి ఎదురు దిశలో.

నాన్న మళ్లీ బిళ్లలు మొదలుపెట్టాక ఒకరోజు మధ్యాహ్నం భోజనం ఆలస్యమై, అలాగే 29సీ బస్సెక్కి అడయారు బయల్దేరారు. దారిలో ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు, టికెట్ అడిగితే మాట తడబడింది. కండక్టరు తాగొచ్చాడనుకుని కేకలేశాడట. పక్క సీటులో ఉన్న పెద్దావిడ చూసి "షుగర్ పడిపోయినట్టుంది" అని చేతిసంచిలోంచి బెల్లం ముక్క తీసి నోట్లో పెట్టింది. రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాముల కిందికి దిగితే దాన్ని లో షుగర్ అంటారు. వెంటనే మూడు టీస్పూన్ల చక్కెర, అంటే సుమారు 15 గ్రాములు, నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలాగి మళ్లీ చూసుకోవాలి. నాన్న వేసుకునే బిళ్ల క్లోమాన్ని పిండి ఇన్సులిన్‌ని బయటికి రప్పించే రకం. కడుపులో తిండి ఉందా లేదా అన్నది దానికి పట్టదు.

ఆ బస్సు ప్రయాణం నాన్న తిండిని ఏ చార్టూ మార్చనంతగా మార్చింది. చొక్కా జేబులో మారీ బిస్కెట్లు, దిండు కింద ఇంకో పొట్లం. పడుకునే ముందు ఒక అరటిపండు, "రాత్రి పడిపోతే ఎలా" అని. అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచి చీకట్లో కూర్చుని బిస్కెట్లు తినేవారు. కాగితం చప్పుడు పక్కగదిలో పడుకున్న నాకు వినిపించేది. పొద్దున్నే చూస్తే షుగర్ ఎక్కువ. డాక్టరు దగ్గరికి వెళ్తే మందు డోసు పెంచేవారు. డోసు పెరిగితే మధ్యాహ్నాలు మళ్లీ పడిపోయేది. పడిపోతుందన్న భయంతో ఇంకా తినేవారు. ఏడాదిలో ఏడు కిలోలు పెరిగారు. "నోరు కట్టుకోవడం చేతకావట్లేదు మీకు" అని అక్కడ ముఖం మీదే అన్నారు. ఆయన తల దించుకుని విన్నారు. బస్సులో జరిగింది మాత్రం చెప్పలేదు, వాళ్లూ అడగలేదు.

ఆ మాట ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. నాన్న రుచి కోసం తినలేదు. భయం కోసం తిన్నారు. బయట నుంచి చూస్తే రెండూ ఒకటే, బిస్కెట్ పొట్లం ఖాళీ. కానీ వీటి వైద్యాలు వేరు. రెండేళ్ల తర్వాత వేరే డాక్టరు రాత్రి ఎందుకు లేస్తున్నారని అడిగి, సంగతి విని, ఆ బిళ్ల తీసేసి, వేరే షుగర్ మందుతో కలపకుండా వాడినప్పుడు షుగర్‌ని అంతగా పడగొట్టని రకం ఇచ్చారు. మూడు వారాల్లో దిండు కింద పొట్లం దానంతటదే మాయమైంది. ఎవరూ ఆయన్ని నోరు కట్టుకోమనలేదు.

మందులు ఇలా తిండితో ఆడుకునే చోట్లు ఇంకా ఉన్నాయి. షుగర్‌కి ఇచ్చే మెట్‌ఫార్మిన్ బిళ్ల మొదట్లో కొందరికి వికారం, విరేచనాలు తెస్తుంది. భోజనం మధ్యలోనో తర్వాతో వేసుకుంటే, లేదా నెమ్మదిగా కరిగే రకానికి మారితే చాలావరకు సర్దుకుంటుందని తెలియక, అసలు మానేస్తారు. స్టెరాయిడ్లు ఆకలిని రెట్టిస్తాయి. థైరాయిడ్ బిళ్ల పరగడుపున వేసుకుని అరగంట నుంచి గంట ఆగాలి. లేవగానే ఫిల్టర్ కాఫీ పడకపోతే రోజు మొదలుకాని చెన్నైలో ఆ గంట ఎంత పొడుగ్గా ఉంటుందో ఊహించుకోండి. బిళ్లా కాఫీ వెంటవెంటనే తీసుకుంటే మందు సరిగ్గా ఒంటబట్టదు, టెస్టులో తేడా వస్తుంది, డోసు పెరుగుతుంది. మార్చాల్సింది డోసు కాదు, కాఫీ టైము.

ఇప్పుడు చపాతీల సంగతి. షుగర్ అనగానే మన ఇళ్లలో మొదట జరిగే మార్పు రాత్రిపూట అన్నం పోయి చపాతీ రావడం. దీన్ని ఎంత గట్టిగా నమ్ముతామంటే, చపాతీ తిన్నవాడు మంచి రోగి, అన్నం తిన్నవాడు చెడ్డ రోగి. కానీ గోధుమపిండిలోనూ ఎక్కువ భాగం పిండిపదార్థమే. 30 గ్రాముల పిండితో చేసిన ఒక పుల్కాలో సుమారు 20 గ్రాములు అదే ఉంటుంది. నాలుగు చపాతీలు, పక్కన బంగాళదుంప కుర్మా తింటే, ఒక చిన్న గిన్నెడు అన్నంలో గోంగూర పప్పు, బీరకాయ కూర కలుపుకుని తిన్నదానికంటే షుగర్ ఎక్కువ పెరుగుతుంది. రాగి జావ కూడా అంతే. మెత్తగా ఆడించిన పిండిని బాగా ఉడికించి పలచగా తాగితే జీర్ణానికి పని లేదు, నేరుగా రక్తంలోకి చేరుతుంది. "రాగులు షుగర్‌కి మంచివి" అనుకుని పెద్ద గ్లాసుడు జావ తాగి, మీటరు చూసి కంగారుపడేవాళ్లు మా వీధిలోనే ముగ్గురున్నారు.

దేశవ్యాప్త సర్వే చేసిన ఆ చెన్నై బృందమే 2025లో మన తిండి మీద ఇంకో పత్రం ప్రచురించింది. మనం తినే కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి. తెల్ల బియ్యం బదులు గోధుమపిండో చిరుధాన్యాల పిండో అదే మోతాదులో పెట్టుకుంటే షుగర్ ముప్పు తగ్గినట్టు వాళ్లకి కనిపించలేదు. పిండిపదార్థం మొత్తం కొంచెం తగ్గించి ఆ చోటులో పప్పులు, పాలు, పెరుగు లాంటి మాంసకృత్తులు పెట్టుకున్నప్పుడు ముప్పు తక్కువగా కనిపించింది. ఏ ధాన్యం అన్నదాని కంటే కంచంలో దానికి ఎంత చోటిచ్చామన్నదే ముఖ్యం. అయినా మనం ధాన్యం మార్చడానికే మొగ్గు చూపుతాం. దానికి కారణముంది. ధాన్యం మార్చడం కంటికి కనిపించే త్యాగం, పథ్యంలా ఉంటుంది. అన్నం రెండు గరిటెలు తగ్గించి పప్పు ఒక గరిటె పెంచడంలో పథ్యం చేస్తున్న తృప్తి ఉండదు.

ఇంతకీ ఆ పప్పు ఎవరికి అందుతుంది? తమిళనాడులో రేషన్ బియ్యం ఉచితం. కూరగాయలు, పప్పులు, గుడ్లు, చేపలు ఉచితం కాదు. 2013లో మొదలైన అమ్మ ఉణవగాల్లో, అంటే ప్రభుత్వ చవక క్యాంటీన్లలో, ఇడ్లీ ఒక రూపాయికి, సాంబారన్నం ఐదు రూపాయలకి, పెరుగన్నం మూడు రూపాయలకి పెట్టారు. ఎందరి ఆకలి తీర్చిందో లెక్కలేదు, ఆ పథకం మీద నాకు గౌరవం ఉంది. కానీ వ్యాసర్‌పాడిలో రోజుకూలి చేసుకునే షుగర్ మనిషి ముందున్న చవకైన తిండి ఏదో చూడండి: బియ్యం, బియ్యం, మళ్లీ బియ్యం. అలాంటి మనిషి చేతిలో ఆపిల్, ఓట్స్ రాసిన కాగితం పెట్టి, మూడు నెలల తర్వాత "పాటించలేదు" అని రాసుకోవడం న్యాయం కాదు. మందుల విషయంలో మాత్రం ఈ రాష్ట్రం ఒక మంచి పని చేసింది. 2021 ఆగస్టులో మొదలైన 'మక్కళై తేడి మరుత్తువం' పథకం కింద షుగర్, బీపీ బిళ్లలు ఇంటికే తెచ్చిస్తున్నారు. ఒకరోజు కూలి పోగొట్టుకుని క్యూలో నిలబడాల్సిన పని తప్పితే, "నిర్లక్ష్యం" అని మనం పేరు పెట్టినదాంట్లో కొంత భాగం దానంతటదే పోతుంది.

డబ్బున్న ఇళ్లలోనూ తిండి అందరికీ ఒకేలా మారదు. నాన్నకి షుగర్ వచ్చినప్పుడు మా వంటిల్లంతా మారింది. అమ్మ ఆయనకి వేరే కూర, వేరే టిఫిన్, ఆఫీసుకి వేరే డబ్బా. పద్నాలుగేళ్ల తర్వాత అమ్మకి షుగర్ వచ్చినప్పుడు వంటిల్లు ఏమాత్రం మారలేదు. ఆవిడ రాత్రి మిగిలిన అన్నం పొద్దున పులిహోర చేసుకుని తినేది, పారేయడం ఇష్టంలేక. అందరూ తిన్నాక మూడు గంటలకి భోజనం. శనివారం ఉపవాసం, ఏకాదశికి ఉపవాసం, బిళ్ల మాత్రం వేసుకునేది. "నాకోసం మళ్లీ వేరే ఏం వండుకుంటాను" అనేది. ఇంట్లో ఆడమనిషికి జబ్బు వస్తే ఆవిడకి పథ్యం వండేవాళ్లుండరు. ఈ ఒక్క కారణంగా ఎంతమంది ఆడవాళ్ల షుగర్ అదుపులో ఉండటం లేదో! ఆ మాట ఏ ల్యాబ్ రిపోర్టులోనూ రాదు.

మేం ఆలస్యంగానైనా చేసిన సరైన పని, వేర్వేరు వంటలు ఆపేయడం. ఇప్పుడు ఇంట్లో అందరికీ ఒకే కూర, ఒకే పప్పు, అన్నం ఎవరి కొలత వాళ్లది. ఉప్పు ఒకేసారి తీసేయకుండా వారం వారం కొంచెం తగ్గించాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజుకి 5 గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూను. ఆవకాయ, అప్పడం, వడియాలు కలిపి చూస్తే మన ఇళ్లలో అది మధ్యాహ్నానికే అయిపోతుంది. నాలుక మొండిదేమీ కాదు, కొన్ని వారాలిస్తే తక్కువ ఉప్పుకి అలవాటు పడుతుంది. ఒక్కరోజులో చప్పిడి కూడు పెడితే మాత్రం తిరగబడుతుంది.

ఇక పెద్దమ్మ. ఆవిడ గురించి కొంచెం నెమ్మదిగా చెప్పాలి, ఎందుకంటే ఆవిడ ఒక్క జన్మలో మూడు పథ్యాలు చూసింది. ఇరవై ఏళ్లు షుగర్. అప్పుడు ఆకుకూరలు బాగా తినమన్నారు, పప్పు తినమన్నారు, కూల్‌డ్రింకులు మాని కొబ్బరినీళ్లు తాగమన్నారు. తర్వాత కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఇప్పుడు ఆకుకూరలు తగ్గించు, పప్పు తగ్గించు, కొబ్బరినీళ్లు అస్సలు వద్దు. కిడ్నీలు పొటాషియాన్ని బయటికి పంపలేకపోతే అది రక్తంలో పేరుకుని గుండె లయని దెబ్బతీస్తుంది, కొబ్బరినీళ్లలో అది చాలా ఎక్కువ. తక్కువ సోడియం అని అమ్మే ఉప్పులో కొంత సోడియం బదులు పొటాషియం ఉంటుంది కాబట్టి బీపీకి మంచిదని వాడుతున్న ఆ ఉప్పూ ఆపేశారు. కూరగాయలు చిన్నగా తరిగి, నానబెట్టి, ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోయమన్నారు. "బలమంతా తూములో పోసి పిప్పి తినమంటారే" అనేది పెద్దమ్మ. ఆ తర్వాత డయాలసిస్ మొదలైంది. డయాలసిస్‌లో మాంసకృత్తులు కొంత పోతాయి కాబట్టి ఈసారి వాటిని పెంచమన్నారు. గుడ్డు తెల్లసొన తినమన్నారు.

ప్రతి మాటా వైద్యపరంగా సరైనదే. జబ్బు దశ మారినకొద్దీ తిండి మారాలి. కానీ ఎందుకు మారిందో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. "మొన్న వద్దన్నది ఇవాళ తినమంటారు, వీళ్లకే నిలకడ లేదు" అని ఆవిడ అందరి మాటా వినడం మానేసింది. మొండితనమని మేం అనుకున్నాం. ఎదురెదురు మాటలు విన్న తెలివైన మనిషి ఇంకేం చేస్తుంది?

వారానికి మూడు రోజులు, నాలుగేసి గంటలు డయాలసిస్. రోజు మొత్తానికి ఒక లీటరు నీళ్లు. కాఫీ, మజ్జిగ, రసం, సాంబారు అన్నీ ఆ లీటరులోనే. పొద్దున్నే పెద్దమ్మ ఒక సీసాలో లీటరు నీళ్లు కొలిచి వంటింటి గట్టు మీద పెట్టుకునేది. అరగ్లాసు కాఫీ తాగితే సీసాలోంచి అరగ్లాసు నీళ్లు తీసుకెళ్లి తులసికోటలో పోసేది. గరిటెడు రసం పోసుకుంటే గరిటెడు నీళ్లు తులసికి. సాయంత్రానికి సీసా అడుగున ఎంత మిగిలిందో అదే రాత్రికి. మే నెల, కత్తిరి ఎండలు, కరెంటు పోయిన మధ్యాహ్నాల్లో ఆవిడ ఆ సీసా వంక చూస్తూ కూర్చున్న తీరు నేను మర్చిపోలేను. ఆ ఏడాది తులసి మాత్రం గుబురుగా పెరిగింది.

అంత లెక్కగా ఉన్నా, డయాలసిస్‌కి వెళ్లినప్పుడల్లా రెండు రోజుల్లో మూడున్నర కిలోల బరువు పెరిగేది. అదంతా ఒంట్లో నిలిచిన నీరే. "దొంగతనంగా నీళ్లు తాగుతున్నారు" అని అక్కడ అనేవారు. ఒకరోజు అక్కడి నర్సమ్మ ఒకావిడ, తమిళావిడ, మంచం పక్కన కూర్చుని అన్నం ఏ కూరతో తిన్నావమ్మా అని అడిగింది. చింతకాయ పచ్చడి. నిన్న? ఊరమిరపకాయలు. మొన్న? ఆవకాయ. కిడ్నీలు పాడైనప్పుడు రక్తంలో పేరుకునే మలినాల వల్ల నాలుక మొద్దుబారుతుంది, నోట్లో ఇనుప రుచి వస్తుంది. కూరా పప్పూ మట్టిలా అనిపిస్తాయి. ఉప్పగా, పుల్లగా, కారంగా ఉన్నదొక్కటే నాలుకకి తెలుస్తుంది. అందుకని పచ్చళ్లు. పచ్చడిలో ఉప్పు దాహం పుట్టిస్తుంది, దాహం సీసాని దాటిస్తుంది. రాత్రిళ్లు ఆవిడ లేచి తాగిన మాట నిజమే. కానీ ముడి నీళ్ల దగ్గర లేదు, ఉప్పు దగ్గర ఉంది. దాని వెనక నాలుక దగ్గర ఉంది. ఆ నర్సమ్మ చెప్పినట్టు పచ్చళ్లు తీసేసి నిమ్మకాయ, అల్లం, వెల్లుల్లి, మిరియాలు వేసి చప్పటి కూరకి రుచి తెచ్చాక దాహం సగం తగ్గింది.

అంకెల గురించి కూడా ఒక మాట. షుగర్ ఉన్నవాళ్లు ఎక్కడికెళ్లినా మొదటి ప్రశ్న "ఇప్పుడెంత ఉంది?" పెళ్లిలో అదే, ఫోన్‌లో అదే. అంకె ఎక్కువ చెబితే "ఏం తిన్నావు" అని రెండో ప్రశ్న. అది బడిలో మార్కుల లిస్టులా తయారవుతుంది. టెస్టుకి మూడు రోజుల ముందు నుంచి కడుపు కట్టుకోవడం, మీటరు చూసుకోవడం మానేయడం, ఒక అంకె చెప్పాల్సిన చోట ఇంకో అంకె చెప్పడం అందుకే వస్తాయి. హెచ్‌బీఏ1సీ పరీక్ష దాదాపు మూడు నెలల సగటు చూపిస్తుంది కాబట్టి మూడు రోజుల పస్తు దాన్ని మార్చలేదు. కానీ అది బయటపెట్టింది చూసి మళ్లీ తిడితే, మనిషి ఆ టెస్టుకే రాడు. పెళ్లిలో ఇంకో చిక్కు. ఒక చేత్తో "ఒక్కటే కదా, ఏం కాదు తిను" అని బూరె వడ్డిస్తారు, ఇంకో నోటితో "షుగర్ ఉండి ఇవన్నీ తింటున్నాడు" అంటారు.

మరి ఏది పని చేస్తుంది? చెన్నైలోనే డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం చేసిన రెండు పరిశోధనలు నాకు ధైర్యమిస్తాయి. షుగర్ అంచున ఉన్న 531 మందితో చేసిన మొదటిది 2006లో వచ్చింది. తిండి, నడక గురించి పదే పదే గుర్తుచేస్తూ సలహాలిచ్చిన గుంపులో షుగర్ వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది, దాదాపు మందు ఇచ్చినంత. 2013లో వచ్చిన రెండోదాంట్లో 537 మంది మగవాళ్లలో సగం మందికి రెండేళ్లపాటు సెల్‌ఫోన్‌కి చిన్న చిన్న మెసేజ్‌లు పంపారు. తిండి గురించీ, నడక గురించీ మామూలు మాటలు. వాళ్లకి షుగర్ వచ్చే ముప్పు మిగతావాళ్ల కంటే 36 శాతం తగ్గింది. ఈ రెంటిలో పాల్గొన్నవాళ్లకి అప్పటికింకా షుగర్ రాలేదు. వచ్చాక పరిస్థితి కొంచెం వేరు. అయినా అక్కడ పని చేసింది భయం కాదు, కఠిన పథ్యం కాదు. విడవకుండా, విసుక్కోకుండా ఎవరో గుర్తుచేస్తూ ఉండటం.

పోయిన సంక్రాంతి తర్వాత అమ్మని కొత్త డైటీషియన్ దగ్గరికి తీసుకెళ్లాను. చిన్నపిల్ల, పాతికేళ్లు కూడా ఉండవు, గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే చదువుకుందట. ఫైలు తెరవలేదు. రిపోర్టులు అడగలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని "అత్తయ్యా, నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం తిన్నారు?" అంది.

అమ్మ నా వంక చూసింది. పద్నాలుగేళ్లు నాన్నకోసం, నాలుగేళ్లుగా తనకోసం ఆసుపత్రుల చుట్టూ తిరిగిన మనిషి. ఏం తినాలో చెప్పినవాళ్లే కానీ, ఏం తిన్నావని అడిగినవాళ్లు లేరు. మొదట "మామూలేనమ్మా" అంది. తర్వాత కాఫీ దగ్గర మొదలుపెట్టింది. రాత్రి మిగిలిన అన్నం, మూడింటి భోజనం, నిలబడి తిన్న సగం అరిసె, ఆ అరిసె ఎవరు పంపారు, ఎందుకు కాదనలేకపోయింది, సాయంత్రం కళ్లు తిరిగితే ఎవరికీ చెప్పకుండా ఎందుకు పడుకుంది. ఆ పిల్ల పెన్ను పట్టుకుని వింటూనే ఉంది. బయట మా తర్వాతి టోకెన్ నంబరు రెండుసార్లు పిలిచారు. అమ్మ ఇంకా నిన్నటి రాత్రి భోజనం దాకా రాలేదు.